రాగి పొగ, కోర్టు తక్కెడ (ఆరో భాగం)



పోయిన భాగం తోలు ఊరబెట్టే సున్నపు తొట్ల గురించి రాశాను. అది చదివి ఒక విద్యార్థి ఫోన్ చేశాడు. "అన్నా, నీళ్ల సంగతి బాగానే చెప్పావు, మరి గాలి సంగతి?" అన్నాడు. ఆ మాటతో మా మేనమామ గుర్తొచ్చాడు.

మావయ్య ఒక ఫ్యాక్టరీలో యాసిడ్ ప్లాంటు దగ్గర పదకొండేళ్లు కాంట్రాక్టు కూలీగా చేశాడు. ఫ్యాక్టరీ పేరు ఇక్కడ అనవసరం. ఆయన బనియన్లన్నీ సన్నసన్న చిల్లులే. అత్త ఉతికి ఆరేస్తే దండెం మీద జల్లెడలు వేలాడుతున్నట్టు ఉండేవి. మేం పిల్లలం వాటిని మొహానికి అడ్డం పెట్టుకుని సూర్యుణ్ని చూసేవాళ్లం. "గాలిలో తుంపర ఉంటదిరా, గుడ్డని తింటది" అనేవాడు. షిఫ్టు దిగేటప్పుడు మేస్త్రి అందరి చేతిలో తలా ఒక బెల్లం ముక్క పెట్టేవాడట. ఛాతీకి అదే వైద్యం. గుడ్డని తినేది ఛాతీని వదిలిపెడుతుందా అని అప్పట్లో మాకు తోచలేదు.

ఈ భాగం ఆ తుంపరకు తల్లి అయిన వాయువు గురించి, సల్ఫర్ డయాక్సైడ్ గురించి. ముఖ్యంగా రాగి కరిగించే స్మెల్టర్ల నుంచి వచ్చే దాన్ని ఆపడానికి జరిగిన పోరాటాల గురించి. దీన్ని ఆపొచ్చా లేదా అన్నది చాలా కాలం కిందటే తేలిపోయిన విషయం. ఎవరు అడిగితే ఆపారు, ఎవరు అడిగితే ఆపలేదు అన్నదే చరిత్ర.

ముందు లెక్క తెలుసుకోవాలి. ఇంటర్ కెమిస్ట్రీ చాలు. రాగి భూమిలో ఎక్కువ భాగం గంధకంతో, ఇనుముతో కలిసి ఉంటుంది. అందులో ముఖ్యమైన ఖనిజం చాల్కోపైరైట్. దాని బరువులో మూడో వంతుకు కాస్త పైన రాగి, దాదాపు అంతే గంధకం, మిగతాది ఇనుము. అంటే టన్ను రాగి తీయాలంటే టన్ను గంధకాన్ని వదిలించుకోవాలి. కాలిస్తే ఆ గంధకం తనంత బరువు ఆక్సిజన్‌ని కలుపుకుని రెండు టన్నుల సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది. గాలిలోకి వదిలితే అది ఆకుల మీద మచ్చలు పెడుతుంది, గొంతులో మంట పెడుతుంది, వానలో కలిసి ఆమ్లమై మట్టిలోకి దిగుతుంది. వదలకుండా పట్టుకుని, ఇంకాస్త ఆక్సిజన్ ఎక్కించి నీళ్లు చేరిస్తే సుమారు మూడు టన్నుల గంధకామ్లం. ఎరువుల నుంచి బ్యాటరీల దాకా పనికొచ్చే సరుకు.

ఇదేమీ నిన్న మొన్న కనిపెట్టింది కాదు. సీసపు గదుల్లో గంధకామ్లం చేసే పద్ధతి ఇంగ్లండులో 1746లోనే మొదలైంది. ఉత్ప్రేరకం మీదుగా వాయువును పంపి ఆమ్లం చేసే కాంటాక్ట్ పద్ధతికి 1831లో పేటెంట్ ఉంది. మరి స్మెల్టర్లు ఎందుకు పట్టుకోలేదు? రెండు నిజమైన ఇబ్బందులున్నాయి, వాటిని దాచకూడదు. ఒకటి, పాత కొలిమిల నుంచి వచ్చే వాయువు పలచన. నూటికి ఒకటో రెండో పాళ్లు సల్ఫర్ డయాక్సైడ్ ఉన్న పొగతో ఆమ్లం చేయడం గిట్టదు. రెండు, ఆమ్లం బరువైన, ప్రమాదకరమైన, చవక సరుకు. దగ్గర్లో కొనేవాడు లేకపోతే తయారుచేసిన చోటే గుదిబండ అవుతుంది. కానీ కొనేవాడు లేడు కాబట్టి గాలిలోకి వదిలేస్తాం అన్నప్పుడు, ఆ ఖర్చును ఎవరో ఒకరు కొంటున్నట్టే. పక్క ఊరి రైతు తన పంటతో కొంటున్నాడు. కూలీ తన ఊపిరితిత్తులతో కొంటున్నాడు.

ఇక కథలోకి వద్దాం. 1907. ఆ ఒక్క సంవత్సరంలో భూమికి అటు కొసన, ఇటు కొసన రాగి పొగ మీద రెండు వేర్వేరు ఫలితాలు వచ్చాయి.

అమెరికాలో టెన్నెసీ, జార్జియా, నార్త్ కరోలినా రాష్ట్రాలు కలిసే మూలలో డక్‌టౌన్ అని ఒక చోటు ఉంది. అది చెరోకీ ఆదివాసుల నేల. 1838లో వాళ్లను సైన్యం పెట్టి పడమటికి తరిమేశారు. దారిలో వేల మంది చనిపోయారు. వాళ్లు పోయిన ఐదేళ్లకే, 1843లో, అక్కడ రాగి బయటపడింది. పుస్తకాల్లో ఈ రెండు తేదీలూ వేర్వేరు అధ్యాయాల్లో ఉంటాయి. పక్కపక్కన పెట్టి చదవండి.

అక్కడ రాగి తీసిన పద్ధతి చూడండి. అడవి నరికి కట్టెలు పేరుస్తారు. వాటి మీద ఖనిజం కుప్ప పోసి నిప్పు పెడతారు. ఆ కుప్ప నెలల తరబడి కాలుతూనే ఉంటుంది. చిమ్నీ లేదు, పొగ నేల బారుగా పాకుతుంది. కట్టెల కోసం నరకగా మిగిలిన చెట్లను పొగ చంపింది. చెట్టు పోయాక గడ్డి పోయింది, గడ్డి పోయాక వాన ఎర్రమట్టిని కోసుకుపోయింది. చివరికి సుమారు 50 చదరపు మైళ్ల నేల బోడిగా మిగిలింది. బాగా వానలు పడే పచ్చని కొండల నడుమ ఒక ఎడారి.

చుట్టుపక్కల చిన్న రైతులు కోర్టుకెళ్లారు. కుప్పలు కాల్చడం ఆపించండి అన్నారు. 1904లో టెన్నెసీ సుప్రీంకోర్టు ఆ కేసులో తీర్పిచ్చింది. నష్టం జరిగిన మాట నిజమే అంది. పొగ ఈ కంపెనీలదే అని కూడా ఒప్పుకుంది. అయినా ఆపమని ఆర్డరు ఇవ్వలేదు. ఎందుకంటే, తక్కెడ వేసింది. ఒక పళ్లెంలో రైతుల భూములు, అన్నీ కలిపినా వెయ్యి డాలర్ల లోపు. ఇంకో పళ్లెంలో కంపెనీల ఆస్తి, దాదాపు 20 లక్షల డాలర్లు, జిల్లాకు వచ్చే పన్నుల్లో పెద్ద వాటా, వేల మంది బతుకుతెరువు. ఇంత చిన్న దాని కోసం అంత పెద్ద దాన్ని మూయలేం, నష్టపరిహారం తీసుకోండి అని పంపేసింది.

ఈ తక్కెడను గుర్తుపెట్టుకోండి, మళ్లీ కనిపిస్తుంది. చిన్న రైతు పొలం వెల తక్కువ కావడానికి ఒక కారణం ఆ పొగే. ముందు పొగతో నేలను చంపి, చచ్చిన నేలకు వెల కట్టి, ఇంత తక్కువ వెలకు పొగను ఆపలేం అంటే ఏమనాలి?

కంపెనీలు ఈలోగా బహిరంగ కుప్పలు మానేసి కొత్త కొలిమిలు పెట్టాయి, ఎత్తు చిమ్నీ కట్టాయి. దాంతో పొగ పైకి లేచి సరిహద్దు దాటి జార్జియా అడవుల మీద పడింది. ఈసారి కోర్టుకెళ్లింది రైతు కాదు, జార్జియా రాష్ట్రం. నేరుగా అమెరికా సుప్రీంకోర్టుకు. 1907 మేలో తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ హోమ్స్. సారాంశం ఏంటంటే, తన కొండలు బోడి కావాలా వద్దా, తన ప్రజలు మంచి గాలి పీల్చాలా వద్దా అన్నదాంట్లో ఆఖరి మాట రాష్ట్రానిదే. ఇంత డబ్బు తీసుకుని ఊరుకో అని రాష్ట్రాన్ని బలవంతపెట్టలేం. ఇక్కడ తక్కెడ వేయలేదు. అంతేకాదు, ఇదే కేసు మామూలు మనుషుల మధ్య అయితే తటపటాయించేవాళ్లమేమో అని ఆ తీర్పే ఒప్పుకుంది.

పర్యావరణ చట్టం చదివే పిల్లలకు ఈ తీర్పును గొప్పగా చెబుతారు. గొప్పదే. కానీ అదే బెంచిలో జస్టిస్ హార్లన్ విడిగా రాసిన నాలుగు మాటలు ఎవరూ చెప్పరు. ఫలితంతో ఏకీభవిస్తూనే ఆయన ఒక అభ్యంతరం పెట్టాడు. రాష్ట్రం అడిగితే ఒక న్యాయం, మామూలు మనిషి అడిగితే ఇంకో న్యాయం ఉండకూడదు, సూత్రం ఒకటే కావాలి అన్నాడు. హార్లన్ అంటే ఎవరనుకున్నారు? 1896లో ప్లెస్సీ కేసులో నల్లవాళ్లకు వేరే రైలు పెట్టె పెట్టడం సమ్మతమే అని కోర్టు మొత్తం అంటే, ఒక్కడే కాదన్నవాడు. అన్నింట్లోనూ మహానుభావుడని నేననను, చైనా వలసదారుల విషయంలో ఆయన రాతలు బాగుండవు. కానీ ఈ రెండు చోట్లా ఆయన పట్టుకున్నది ఒకటే.

ఇంకో మాట. "తన ప్రజల ఊపిరి" కోసం కొట్లాడిన ఆ జార్జియా ఏ జార్జియా? 1906లో అట్లాంటాలో తెల్ల గుంపులు నల్లవాళ్లను వేటాడి చంపాయి. 1908లో రాజ్యాంగ సవరణ చేసి నల్లవాళ్ల ఓటు ఊడబెరికారు. రాష్ట్రం తన ప్రజలు అన్నప్పుడు ఆ మాటలో ఎవరున్నారో అడగడం మనకు అలవాటు. అది మంచి అలవాటు.

అయినా ఆ తీర్పు పని చేసింది, అదీ చెప్పాలి. కత్తి మెడ మీద ఉండేసరికి కంపెనీలు ఆమ్లం ప్లాంట్లు కట్టాయి. గిట్టదన్న వ్యాపారం గిట్టింది. దక్షిణాది పత్తి పొలాలకు సూపర్ ఫాస్ఫేట్ ఎరువు కావాలి, దానికి గంధకామ్లం కావాలి, కొనేవాడు దొరికాడు. కొన్నేళ్లకు అక్కడ ఆమ్లమే అసలు సరుకై, రాగి కొసరు సరుకైంది. 1915లో కోర్టు ఇంకో అడుగు వేసింది. దారికి రాని కంపెనీకి లెక్క కట్టింది: పంట కాలంలో, అంటే ఏప్రిల్ 10 నుంచి అక్టోబర్ 1 దాకా, రోజుకు 20 టన్నులకు మించి గంధకం బయటికి పోకూడదు, మిగతా రోజుల్లో 40 టన్నులకు మించకూడదు. "కాలుష్యం తగ్గించండి" అన్న ఉత్త మాట కాదు, రోజుకు ఇన్ని టన్నులని అంకె. గెలుపంటే అంకె రూపంలో ఉండాలని నేను మీటింగుల్లో పదేపదే అనేది ఇందుకే. నేల మాత్రం తీర్పుతో బాగుపడలేదు. 1930ల నుంచి దశాబ్దాల తరబడి మొక్కలు నాటితే గానీ ఆ బోడి కొండలకు పచ్చదనం రాలేదు.

ఇప్పుడు అదే 1907, జపాన్.

టోక్యోకు ఉత్తరాన తోచిగి ప్రాంతంలో ఆషియో రాగి గని. 1877లో ఫురుకావా ఇచిబేయ్ అనే వ్యాపారి కొన్నాడు. జపాన్ ఫ్యాక్టరీలకు, యుద్ధ నౌకలకు డబ్బు కావాలి, రాగి ఎగుమతి డబ్బు తెస్తుంది. గని మీద ఈగ వాలనివ్వలేదు. స్మెల్టర్ పొగ చుట్టూ కొండలను కాల్చేసింది. గనికి ఎగువన ఉన్న మత్సుకి గ్రామంలో పట్టుపురుగులకు వేసే మల్బరీ మాడిపోయింది. 1902 నాటికి ఊరు ఊరంతా ఖాళీ అయింది. చెట్లు లేని కొండల నుంచి వాన నీళ్లు ఒక్కసారిగా దిగి, గని వ్యర్థాలతో కలిసి, వాతరాసె నది ఒడ్డున ఉన్న వరి పొలాలను ముంచాయి. 1890లో ఒక వరద, 1896లో ఇంకా పెద్దది. పైన పొగ, కింద విషపు బురద. రెండింటికీ తల్లి ఒకటే గని.

ఆ ప్రాంతపు పార్లమెంటు సభ్యుడు తనాకా షోజో. 1891లో సభలో లేచి అడిగాడు. అప్పటి వ్యవసాయ, వాణిజ్య మంత్రి ముత్సు మునెమిత్సు. ఆ మంత్రి రెండో కొడుకును ఫురుకావా దత్తత తీసుకున్నాడు. అంటే ఫ్యాక్టరీ యజమానికీ, ఫ్యాక్టరీని అదుపు చేయాల్సిన మంత్రికీ కొడుకు ఒకడే! మన దగ్గర బంధుత్వాలు ఇంత బాహాటంగా ఉండవు, కాస్త కప్పుకుని ఉంటాయి.

రైతులు వేల మంది టోక్యోకు నడిచారు. 1897లో ప్రభుత్వం కదిలి, గనికి ఉత్తర్వులిచ్చింది. బురద ఆపే చెరువులు తవ్వాలి, పొగలో గంధకం తీసేసే టవర్ కట్టాలి. టవర్ కట్టారు. సున్నపు నీళ్లు చల్లి పొగను కడగాలన్న ఆలోచన. అది పని చేయలేదు. కానీ ఉత్తర్వు అమలైనట్టు కాగితం మీద ఉంది కదా! పరికరం ఉండటం వేరు, పరికరం పని చేయడం వేరు. ఈ తేడా ఆషియో రైతులకు అర్థమైనంత బాగా ఇంకెవరికీ అర్థమై ఉండదు.

1900 ఫిబ్రవరిలో మళ్లీ బయల్దేరిన రైతులను కవమాత దగ్గర పోలీసులు కొట్టి, పట్టుకుని కేసులు పెట్టారు. 1901లో తనాకా పార్లమెంటుకు రాజీనామా చేశాడు. డిసెంబర్ 10న చక్రవర్తి బండికి అడ్డంగా అర్జీ పట్టుకుని పరుగెత్తాడు. ప్రాణం పోతుందని తెలిసే వెళ్లాడు. శిక్ష వేస్తే దేశమంతా మాట్లాడుకుంటుందని, పిచ్చివాడని చెప్పి వదిలేశారు.

ప్రభుత్వం కనిపెట్టిన పరిష్కారం ఏంటో తెలుసా? వరద నీళ్లు నింపడానికి దిగువన ఒక చెరువు. ఆ చెరువు కోసం యనాకా అనే గ్రామాన్ని ముంచాలి. పొగ ఆపకుండా, గని ఆపకుండా, విషం అనుభవిస్తున్న ఊళ్లలో ఒక ఊరిని తీసేయడం. చాలామంది ఇచ్చింది తీసుకుని వెళ్లిపోయారు. పదహారు ఇళ్లవాళ్లు కదలమన్నారు. 1907 వేసవిలో, భూసేకరణ చట్టం కింద, పోలీసులను పెట్టి ఆ ఇళ్లు కూలగొట్టారు. అప్పుడు హోం మంత్రి హారా తకాషి. మంత్రి కావడానికి ముందు ఆయన ఫురుకావా గని కంపెనీకి ఉపాధ్యక్షుడు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే ఆషియో గని కార్మికులు తిరగబడితే సైన్యాన్ని దింపారు. గని లోపలివాడికీ, గని కిందివాడికీ ఒకే ఏడాది ఒకే జవాబు. కానీ ఆ ఇద్దరూ ఒక్క జెండా కిందికి రాలేదు. దీని గురించి మన యూనియన్ మిత్రులు, ఊరి కమిటీల మిత్రులు కూర్చుని మాట్లాడుకోవాలి.

ఇళ్లు కూలిన చోటే గుడిసెలు వేసుకుని ఉన్న ఆ కుటుంబాలతో తనాకా ఉండిపోయాడు. 1913లో చనిపోయినప్పుడు ఆయన సంచిలో ఉన్నవి: కొత్త నిబంధన, దేశ రాజ్యాంగం ప్రతి, డైరీలు, ఏరుకున్న కొన్ని గులకరాళ్లు.

ఆషియో పొగ నిజంగా ఆగింది 1956లో. ఫిన్లాండులో 1949లో మొదలైన ఫ్లాష్ స్మెల్టింగ్ పద్ధతిని తెచ్చి పెట్టారు. అందులో ఖనిజపు పొడి గాలిలోనే భగ్గున మండుతుంది, వాయువు చిక్కగా వస్తుంది, ఆమ్లం చేయడం తేలిక. ఇంధనం కూడా ఆదా. లాభం కనబడ్డాక ఆగింది. రైతులకు కంపెనీ పెద్ద పరిహారం ఒప్పుకున్నది 1974లో, గని మూతబడ్డ మరుసటి ఏడాది.

ఈ మధ్యలో చిమ్నీల కథ ఒకటి ఉంది, క్లుప్తంగా చెబుతాను. ఆపడం ఇష్టం లేనివాడు ఎత్తు పెంచుతాడు. 1915లో జపాన్‌లోనే హితాచి గనివాళ్లు కొండ మీద 155.7 మీటర్ల చిమ్నీని వాడకంలోకి తెచ్చారు, అప్పటికి ప్రపంచంలో అదే ఎత్తైనది. కెనడాలో సడ్‌బరీలో 1972లో 381 మీటర్లది వాడకంలోకి వచ్చింది. ఊళ్లో గాలి మెరుగైంది, ఆమ్ల వాన వందల మైళ్లకు వెళ్లింది. సుమితోమో కంపెనీ ఏకంగా స్మెల్టర్‌నే సముద్రంలో ఒక దీవికి మార్చింది. 1905లో అక్కడ మొదలుపెడితే, గాలి ఆ పొగను ఇంకా ఎక్కువ ఊళ్ల మీదికి తెచ్చింది. చివరికి 1939లో పొగను పట్టి శుద్ధి చేసే ప్లాంటు పూర్తయ్యాకే సమస్య తీరింది. మా ఊళ్లో పల్లె ఎటువైపు ఉందో, ఏడాదిలో ఎక్కువ రోజులు గాలి ఎటు వీస్తుందో తెలిసినవాళ్లకు ఈ ఇంజినీరింగ్ కొత్తగా అనిపించదు.

ఇక మన దగ్గరికి. తూత్తుకుడి స్టెరిలైట్ రాగి స్మెల్టర్ ముందు మహారాష్ట్రలోని రత్నగిరికి రావాల్సింది. అక్కడి రైతులు, మత్స్యకారులు 1993లో తరిమేస్తే తమిళనాడుకు వచ్చింది. 2013 మార్చి 23 పొద్దున తూత్తుకుడిలో జనానికి కళ్లు మండాయి, గొంతు పట్టేసింది. సల్ఫర్ డయాక్సైడ్ లీకని కాలుష్య నియంత్రణ మండలి ప్లాంటు మూయించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఏప్రిల్ 2న, పాత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. కాలుష్యం చేశారు, అనుమతులు లేకుండా నడిపారు అని 100 కోట్ల రూపాయలు కట్టమంది. మూయమన్న హైకోర్టు ఆర్డరును మాత్రం కొట్టేసింది. కారణాల్లో దేశానికి రాగి అవసరం, ఉద్యోగాలు ఉన్నాయి. 1904 నాటి తక్కెడ గుర్తొచ్చిందా?

2018 మే 22, ఆందోళన నూరో రోజు. కలెక్టరేట్‌కు బయల్దేరిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. 13 మంది చనిపోయారు. వాళ్లలో 17 ఏళ్ల అమ్మాయి ఉంది. ఆరు రోజులకు ప్రభుత్వం ప్లాంటుకు తాళం వేసింది. 2020లో మద్రాస్ హైకోర్టు ఆ మూసివేతను సమర్థించింది. 2024 ఫిబ్రవరి 29న సుప్రీంకోర్టు కంపెనీ అప్పీలు కొట్టేసింది. 2013లో తక్కెడలో బరువు తూగని ఊపిరి, పదమూడు శవాలు పడ్డాక తూగింది.

స్మెల్టర్లు, యాసిడ్ ప్లాంట్ల దగ్గర పని చేస్తున్న మిత్రులకు ఒక పనికొచ్చే మాట. ఆమ్లం ప్లాంటులో ఉత్ప్రేరకం పని చేయాలంటే అది 400 డిగ్రీల పైన వేడిగా ఉండాలి. మరమ్మతులకు ఆపి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు అది చల్లగా ఉంటే వాయువు మారకుండానే చిమ్నీ దాటుతుంది. అందుకే ప్రమాదమంతా ఆ కొన్ని గంటల్లో. మన దేశపు 2009 గాలి ప్రమాణాల్లో సల్ఫర్ డయాక్సైడ్‌కు ఉన్నది 24 గంటల సగటు, ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములు, ఇంకా ఏడాది సగటు 50. గంటకు ప్రమాణం లేదు. తెల్లవారుజామున ఒక గంట జనం ఉక్కిరిబిక్కిరైనా, మిగతా 23 గంటలతో కలిపి భాగిస్తే అంతా సవ్యంగానే ఉన్నట్టు కాగితం మీద వస్తుంది. కాబట్టి ఆర్టీఐ పెట్టేటప్పుడు రోజు సగటు అడగొద్దు. ప్లాంటు ఆపిన, మొదలుపెట్టిన తేదీలు, ఆ గంటల్లో చిమ్నీ మీటరు చూపిన అంకెలు విడివిడిగా అడగండి.

వచ్చే భాగంలో కెనడాలోని ట్రెయిల్ స్మెల్టర్. సరిహద్దు దాటిన పొగ మీద రెండు దేశాలు పెట్టుకున్న పంచాయితీ 1941 దాకా ఎలా సాగిందో రాస్తాను.